రొయ్యల చెరువుల వద్ద అత్యవసర డీజిల్ జనరేటర్: నిర్వహణ, సురక్షిత వినియోగం

వనామి రొయ్యల సాంద్ర సాగులో ఏరేటర్లు ఆగితే పంట మొత్తం ప్రమాదంలో పడుతుంది. రాత్రివేళ కిరణజన్య సంయోగక్రియ నిలిచిపోయినా రొయ్యలు, ప్లవకాలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వినియోగిస్తూనే ఉంటాయి. అందువల్ల నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి చేరుతుంది. లీటరు నీటికి 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా కాపాడవలసిన ఆ సమయంలో విద్యుత్తు పోతే రైతుకు జనరేటరే ఆధారం.

మొరాయించడానికి కారణాలు

అత్యవసర జనరేటర్ చాలాకాలం వాడకుండా ఉంచడం వల్లనే ఎక్కువగా మొరాయిస్తుంది. బ్యాటరీ ఛార్జి క్రమంగా తగ్గుతుంది. సగం నిండిన ట్యాంకులో తేమ నీరుగా మారి డీజిల్ అడుగున చేరుతుంది. ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లు పూడుకుపోతాయి. నెలకొకసారి లోడు లేకుండా కొద్దిసేపు నడపడం దీనికి పరిష్కారం కాదు. తక్కువ లోడులో ఇంజన్ తగినంత వేడెక్కక, పూర్తిగా మండని ఇంధనం మసిగా పేరుకుంటుంది.

సామర్థ్యం, లోడు

2 అశ్వశక్తి ఏరేటర్లు 8 ఉన్న చెరువుకు షాఫ్టు వద్ద సుమారు 12 కిలోవాట్ల శక్తి అవసరం. మోటారు దక్షత 80 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.8గా తీసుకుంటే జనరేటర్‌పై పడే భారం సుమారు 19 కెవిఎ. కాబట్టి 25 కెవిఎ యంత్రాన్ని ఎంచుకోవచ్చు. మోటార్లు మొదలయ్యేటప్పుడు సాధారణం కంటే అనేక రెట్లు కరెంటు తీసుకుంటాయి కనుక ఏరేటర్లను ఒకదాని తరువాత ఒకటిగా వేయాలి.

నిర్వహణ క్రమం

• వారానికొకసారి: ఇంజన్ ఆయిల్, కూలెంట్, బెల్టు బిగువు, బ్యాటరీ టెర్మినళ్లు పరిశీలించాలి. 12 వోల్టుల బ్యాటరీ విరామస్థితిలో 12.4 వోల్టుల కంటే తక్కువ చూపితే ఛార్జి చేయాలి.
• నెలకొకసారి: కనీసం 30 శాతం లోడుతో 30 నిమిషాలు నడపాలి. పై ఉదాహరణలో ఇందుకు 4 ఏరేటర్లు చాలు. ఫిల్టర్ అడుగున చేరిన నీటిని వదిలివేయాలి.
• తయారీదారు సూచించిన గంటలు పూర్తయిన వెంటనే, వాడకం తక్కువైనా ఏడాదికొకసారి, ఆయిల్, ఫిల్టర్లు మార్చాలి.
• ట్యాంకును నిండుగా ఉంచాలి. ఆపే ముందు 3 నుంచి 5 నిమిషాలు లోడు లేకుండా నడపాలి.

ప్రాణరక్షణకు జాగ్రత్తలు

పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. కాపలాదారు నిద్రించే గదిలో గాని, దానికి ఆనుకొని గాని జనరేటర్‌ను ఉంచరాదు. పొగగొట్టాన్ని ఎత్తుగా, బయటికి అమర్చాలి.

చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ను కలిపితే విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి ప్రవహించి 11 కెవి లైనులోకి చేరుతుంది. మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణాలకు ఇది ముప్పు.

చట్రానికి, న్యూట్రల్‌కు వేర్వేరుగా ఎర్తింగ్ చేయాలి. తడి చేతులతో స్విచ్‌లను తాకరాదు. ఇంజన్ నడుస్తుండగా డీజిల్ పోయరాదు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తెరవరాదు.

విస్తరణ సిబ్బందికి సూచన

క్షేత్ర సందర్శనలో పగటిపూట మెయిన్ స్విచ్ ఆపించి, ఏరేటర్లన్నీ తిరిగి నడవడానికి పట్టిన సమయాన్ని నమోదు చేయాలి. ఈ పరీక్షను మెకానిక్ చేత గాక, రాత్రి చెరువు వద్ద ఉండే వ్యక్తి చేతనే చేయించాలి. అతడు ఒంటరిగా, ఎవరి సహాయం లేకుండా ఆ పని పూర్తి చేయగలిగినప్పుడే జనరేటర్ సిద్ధంగా ఉన్నట్లు పరిగణించాలి.