పాట పుట్టిన చోటులకు కారు ప్రయాణము



భక్తులు క్షేత్రములకు పోవుదురు. చరిత్రకారులు శిథిలములను వెదకికొనుచు పోవుదురు. అట్లే ఒక గాయకుని పాటను ప్రేమించినవారు అతడు పుట్టిన ఇంటిని, పాడిన గదిని, కన్నుమూసిన చోటును చూడగోరుదురు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇట్టి అభిమానులు కారును తామే నడుపుకొనుచు వందలకొలది మైళ్లు పోవుట వాడుక. అట్టి యాత్రను ఎట్లు ఏర్పరచుకొనవలెనో ఈ పాఠమున తెలిసికొందము. మీరు రేపే అమెరికాకు పోవుదురని కాదు. ప్రయాణమునకు పథకము వేయుటలో భూగోళము, గణితము, చరిత్ర మూడును కలిసి వచ్చును. ఆ మూడింటిని ఒక్కచోట అభ్యసించుటయే మన ఉద్దేశము.

1. ఎవరి జాడను పోవుదము?

యాత్రకు ముందుగా ఒక సూత్రము కావలెను. దారములేని పూలు దండ కాజాలవు. మనము ఎల్విస్ ప్రెస్లీ అను గాయకుని జీవితమును దారముగా గైకొందము.

ఎల్విస్ 1935 జనవరి 8వ తేదీన మిసిసిపి రాష్ట్రమందలి టుపెలో పట్టణమున జన్మించెను. ఆ ఇల్లు రెండే గదుల చెక్కయిల్లు. తండ్రి 180 డాలర్లు అప్పు తెచ్చి దానిని కట్టెను. అప్పు తీర్చలేక కొలది ఏండ్లకే ఆ కుటుంబము ఇల్లు పోగొట్టుకొనెను. 1946లో తల్లి అదే ఊరి ఇనుపసామానుల దుకాణమున కుమారునకు మొదటి గిటారు కొనిపెట్టెను. 1948లో వారు బ్రతుకుతెరువు కొరకు టెనెసీ రాష్ట్రమందలి మెంఫిస్ నగరమునకు తరలిరి.

1953లో ఆ యువకుడు సుమారు 4 డాలర్లు చెల్లించి, శామ్ ఫిలిప్స్ అనునాయన నడుపుచున్న చిన్న రికార్డింగు శాలలో తన కంఠమును రికార్డు చేయించుకొనెను. మరుసటి సంవత్సరము జూలై 5వ తేదీన అదే గదిలో అతడు పాడిన పాట అతని జీవితమును మార్చినది. 1957లో అతడు మెంఫిస్‌లో గ్రేస్‌లాండ్ అను భవనమును కొనెను. 1977 ఆగస్టు 16న ఆ యింటనే మరణించెను. రెండు గదుల యింటినుండి ఆ భవనము వరకు గల దూరమే మన యాత్రామార్గము.

2. పటము, దూరము, కాలము

పటమున మూడు పట్టణములను గుర్తింపుడు: నాష్‌విల్, టుపెలో, మెంఫిస్. వీనిని కలిపినచో ఒక త్రిభుజము ఏర్పడును. నాష్‌విల్‌లో బయలుదేరి మరల అచ్చటికే చేరుదము.

నాష్‌విల్ నుండి టుపెలోకు నాచెజ్ ట్రేస్ పార్క్‌వే అను రమ్యమైన మార్గము కలదు. పూర్వము ఆదిమవాసులును, వర్తకులును నడిచిన కాలిబాట వెంబడి దీనిని నిర్మించిరి. దీని మొత్తము పొడవు 444 మైళ్లు. మైలురాళ్ల లెక్క దక్షిణమున నాచెజ్‌వద్ద మొదలై నాష్‌విల్ సమీపమున ముగియును. టుపెలో సందర్శకుల కేంద్రము 266వ మైలువద్ద ఉన్నది. కావున మనము పోవలసిన దూరము 444 నుండి 266 తీసివేయగా 178 మైళ్లు. ఈ దారిలో వేగపరిమితి చాలవరకు గంటకు 50 మైళ్లు. 178ని 50చే భాగించిన 3 గంటల 34 నిమిషములు వచ్చును. కాని త్రోవలో ఆగకుండ ఎవరు పోగలరు? కనుక 5 గంటలు కేటాయింపుడు.

టుపెలో నుండి మెంఫిస్‌కు సుమారు 105 మైళ్లు. మెంఫిస్ నుండి నాష్‌విల్‌కు పెద్దరహదారిపై సుమారు 210 మైళ్లు. మూడును కూడిన 493 మైళ్లు, అనగా దాదాపు 790 కిలోమీటర్లు. ఊళ్లలో తిరుగుటకు మరి 47 మైళ్లు కలుపుకొన్నచో 540 మైళ్లగును. గాలనుకు 30 మైళ్లు నడచు కారునకు 18 గాలనులు, అనగా సుమారు 68 లీటర్ల పెట్రోలు కావలెను. అమెరికా గాలను 3.785 లీటర్లని జ్ఞాపకముంచుకొనుడు. ఈ మూడు పట్టణములును ఒకే కాలమండలమున ఉన్నందున గడియారము మార్చు పని లేదు.

3. ఆరు దినముల పథకము

మొదటి దినము నాష్‌విల్. 1892లో ప్రార్థనామందిరముగా వెలసి, 1943 నుండి 1974 వరకు గొప్ప సంగీత ప్రసారమునకు వేదికయైన రైమన్ శాలను చూడవలెను. ఎల్విస్ రెండువందలకు పైగా పాటలు రికార్డు చేసిన స్టూడియో బి కూడ అచ్చటనే ఉన్నది.

రెండవ దినము నాచెజ్ ట్రేస్ మార్గమున టుపెలో చేరవలెను. మూడవ దినము ఉదయము జన్మగృహమును చూచి, మధ్యాహ్నమునకు మెంఫిస్‌కు బయలుదేరవలెను. నాలుగవ దినము యూనియన్ వీధిలోని సన్ స్టూడియోకును గ్రేస్‌లాండునకును కేటాయింపవలెను. గ్రేస్‌లాండును 1982లో ప్రజల సందర్శనార్థము తెరచిరి. ఎల్విస్ సమాధి ఆ తోటలోనే కలదు. ప్రతి సంవత్సరము ఆగస్టు 15వ తేదీ రాత్రి అభిమానులు క్రొవ్వొత్తులు పట్టుకొని అచ్చట బారులు తీరుదురు. ఆ వారమున బసకు గదులు దొరకుట కష్టము గనుక ముందుగానే నిశ్చయించుకొనవలెను.

అయిదవ దినమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసి ఉన్నది. ఆరవ దినము తిరుగుప్రయాణము.

4. జాగ్రత్తలు

అమెరికాలో వాహనములు రోడ్డునకు కుడివైపున నడచును. మలుపులవద్ద మన అలవాటు మనలను మోసగించును. కావున మొదటి దినము రద్దీలేని వేళ నడుపుట మేలు. మన లైసెన్సుతోపాటు, రవాణా కార్యాలయమువారు ఇచ్చు అంతర్జాతీయ పర్మిట్టును వెంట నుంచుకొనవలెను. 25 ఏండ్లు నిండనివారికి అద్దెకార్లవారు తరచుగా అధికరుసుము విధింతురు. నాచెజ్ ట్రేస్ దారిపై పెట్రోలు బంకులు లేవు. బయలుదేరకముందే పెట్రోలు నింపించుకొనవలెను. లేళ్లు అడ్డువచ్చును, సైకిళ్లవారు తారసిల్లుదురు. మరమ్మతులకై కొన్ని భాగములను మూసివేయుటయు కలదు కనుక ముందురోజున విచారించుకొనవలెను.

5. పటమున కానరానివారు

ఇంతవరకు మన పథకము ప్రసిద్ధుని వెంట నడిచినది. ఇప్పుడొక ప్రశ్న వేసికొందము. 1954లో ఎల్విస్ పాడిన ఆ మొదటి పాట ఎవరిది? అది ఆర్థర్ క్రుడప్ అను నల్లజాతి గాయకుడు కట్టి, 1946లోనే రికార్డు చేసిన పాట. దానివలన తనకు రావలసిన సొమ్మును అతడు సరిగా అందుకొనకయే 1974లో మరణించెను. గ్రేస్‌లాండునకు ఏటేట లక్షలమంది పోవుచున్నారు. క్రుడప్ పేరు ఎరిగినవారు ఎందరు?

అందుచేతనే అయిదవ దినమును మెంఫిస్‌లోని రెండు చోటులకు విడిచితిమి. మొదటిది మక్‌లెమోర్ వీధిలోని స్టాక్స్ రికార్డింగు సంస్థ. జిమ్ స్టూవర్ట్, ఎస్టెల్ ఆక్స్టన్ అను అన్నాచెల్లెండ్రు కాదు, అక్కాతమ్ముళ్లు, 1960లో ఒక పాత సినిమాహాలునకు తమ సంస్థను తరలించిరి. వారి యింటిపేర్ల తొలి అక్షరముల కలయికయే స్టాక్స్. జాతిభేదము పాటించు ఆ నగరమున, ఆ హాలులో మాత్రము నల్లవారును తెల్లవారును కలిసి వాయించిరి. ఓటిస్ రెడ్డింగ్ అచ్చటనే పాడెను. 1975లో సంస్థ దివాలా తీసెను. 1989లో ఆ భవనమును నేలమట్టము చేసిరి. పోగొట్టుకొన్న దేమో తరువాత తెలిసినది. అదే స్థలమున, వాలుగా నున్న హాలు నేలతో సహా పూర్వరూపమును మరల నిర్మించి 2003లో ప్రదర్శనశాలగా తెరచిరి. చూడదగినదే, కాని పాట విన్న గోడలు అవి కావు.

రెండవది లొరైన్ మోటలు. ఒకప్పుడు అమెరికాలో నల్లజాతివారు కారుపై దూరము పోవుట ప్రాణముతో పందెము. ఏ ఊర భోజనము పెట్టుదురో, ఎచ్చట తల దాచుకొననిత్తురో ముందుగా తెలియవలెను. విక్టర్ హ్యూగో గ్రీన్ అను తపాలా బంట్రోతు 1936 నుండి అట్టి చోటుల పట్టికను గ్రీన్ బుక్ అను పేర ప్రకటించెను. మనము విలాసముగా వేయు పథకము వారికి ప్రాణరక్షణము. అట్టివారికి మెంఫిస్‌లో బస యిచ్చినది లొరైన్. స్టాక్స్ సంగీతకారులు అచ్చట కూర్చుండి పాటలు కట్టిరి. 1968 ఏప్రిల్ 4న ఆ మోటలు వసారాలోనే మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురియయ్యెను. 1991లో అది పౌరహక్కుల ప్రదర్శనశాల యైనది. సంగీతయాత్రలో ఈ చోటు ఏల అని అడుగవచ్చును. ఈ చోటు లేనిదే ఆ పాటలలోని ఆర్తి అర్థము కాదు.

6. మనకు పాఠము

స్మారకములు వాటంతటవి నిలువవు; ఎవరో ఒకరు పూనుకొన్ననే నిలుచును. శ్రీ త్యాగరాజస్వామి తెలుగున పాడిన కృతులు తమిళదేశమున వెలసినవి. తిరువయ్యారున ఆయన సమాధి శిథిలమై యుండగా, బెంగుళూరు నాగరత్నమ్మ తన స్వార్జితమును వెచ్చించి ఆలయము కట్టించినది. ఆమెయే పూనుకొననిచో నేడు మనము ఎచ్చటికి పోయి మ్రొక్కుదుము?

మన ఊళ్లలోను హరికథ చెప్పినవారు, భజనగోష్ఠి నడపినవారు, పెండ్లిపాటలు పాడిన అవ్వలు కలరు. వారి యిండ్లను ఏ పటమును చూపదు. తల్లిదండ్రులు ఒక్క ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని ఆ వీధులకు పోయినచో, పెట్రోలు ఖర్చు లేకయే గొప్ప యాత్ర జరుగును.

అభ్యాసము

1. నాష్‌విల్, టుపెలో, మెంఫిస్ పట్టణములను చూపు పటము గీసి దూరములు వ్రాయుడు.
2. కారు గాలనుకు 25 మైళ్లు మాత్రమే నడచినచో 540 మైళ్లకు ఎన్ని లీటర్ల పెట్రోలు కావలెను?
3. ఉదయము 8 గంటలకు నాచెజ్ ట్రేస్ ఉత్తరపు కొననుండి బయలుదేరి, గంటకు 40 మైళ్ల చొప్పున పోవుచు, త్రోవలో 1 గంట 15 నిమిషములు ఆగినచో టుపెలో కేంద్రమునకు ఎన్ని గంటలకు చేరుదురు?
4. కూల్చిన భవనమును మరల అట్లే కట్టుట, ఉన్నదానిని కాపాడుట: ఈ రెండింటి తారతమ్యమును అయిదు వాక్యములలో వ్రాయుడు.
5. మీ యూర తెలుగుపాట పాడిన ఒక పెద్దను గూర్చి ఇంటివారి నడిగి, వారు పాడిన చోటును చూచి వచ్చి, పది పంక్తులు వ్రాయుడు.