ఒమాహా తీరంలో జర్మన్ 352వ డివిజన్

ప్రశ్న: 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని ఒమాహా తీరంలో దిగిన అమెరికన్ సైన్యానికి అంత ప్రాణనష్టం కలగడానికి జర్మన్ 352వ పదాతి డివిజనే కారణమా?

జవాబు: అది ప్రధాన కారణమే గాని ఏకైక కారణం కాదు. రష్యా రంగంలో చితికిపోయిన 321వ డివిజన్‌లో మిగిలినవారికి కొత్తగా చేర్చుకున్న యువకులను కలిపి, 1943 చివర్లో నార్మండీలోని సెయింట్ లో పరిసరాల్లో జనరల్ డీట్రిష్ క్రైస్ నాయకత్వాన ఏర్పరచిన ఈ డివిజన్ తీరంలో మోహరించి ఉండగా, దాడికి దిగిన సైనికులు అక్కడ 716వ ‘స్థిర’ డివిజన్ మాత్రమే, అనగా తగినన్ని వాహనాలు లేక ఒకేచోట కాపలాకు పరిమితమైన బలహీన దళమే, ఎదురవుతుందని భావించారు. మబ్బుల వల్ల విమానాల బాంబులు తీరం దాటి పొలాల్లో పడటం, నీటిపై తేలుతూ వచ్చే ఉభయచర ట్యాంకులు అనేకం అలలకు మునిగిపోవడం కూడా రక్షకులకు కలిసివచ్చాయి.

అయితే ఆ డివిజన్ పరాజయ బీజం కూడా దాడికి ముందు రాత్రే పడింది. పారాచూట్ దళాలు దిగాయన్న వార్తతో, అవసరానికి వెనుక నిలిపి ఉంచిన 915వ రెజిమెంటును క్రైస్ పడమటికి పంపి, తెల్లవారాక తిరిగి తూర్పుకు మళ్లించగా, సైకిళ్లపైనా పాత ఫ్రెంచి లారీలపైనా సాగిన ఆ సైనికులు అత్యంత విలువైన గంటలను దారిలోనే పోగొట్టుకున్నారు. జులై ముగిసేసరికి డివిజన్ దాదాపు తుడిచిపెట్టుకుపోగా, గాయపడిన క్రైస్ ఆగస్టు 6న మరణించాడు.