శివారు ఇంటికి ధర చూడాలా, బాడుగ చూడాలా?

ప్రశ్న: మాది కోవిల్పట్టి. బాడుగకు ఇవ్వాలని విరుదునగర్ శివారులో 40 లక్షలకు ఒక ఇల్లు చూశాం. నెలకు 8,000 వస్తుందంటున్నారు. కొనవచ్చా?

జవాబు: బాడుగ కోసమే అయితే ఈ ధరకు కొనకండి. మీరు చెప్పిన లెక్క ప్రకారం ఏడాదికి వచ్చేది 96,000. అది పెట్టుబడి మీద 2.4 శాతం. బ్యాంకు డిపాజిట్టే ఇంతకన్నా ఎక్కువ ఇస్తుంది. తమిళనాడులో స్టాంపు సుంకం 7 శాతం, 2023 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతం. రెండూ కలిపి 40 లక్షల మీద 3.6 లక్షలు. అవి రాబట్టడానికే దాదాపు నాలుగేళ్ల బాడుగ కావాలి. ఇంటిపన్ను, మరమ్మతులు, ఇల్లు ఖాళీగా ఉండే నెలలు దీనికి అదనం.

బాడుగ తక్కువైనా ధర పెరుగుతుంది కదా అంటారు. విరుదునగర్‌లో 2022లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల, 2023లో ఆ జిల్లాకు ప్రకటించిన పీఎం మిత్ర జౌళి పార్కు గట్టి కారణాలే, కాదనను. కానీ అమ్మేవాడు ఆ ఆశను ఇవాళ్టి ధరలోనే కలిపేస్తాడు. బాడుగ అలా పెరగదు, ఇవాళ జీతం తీసుకునే మనిషి ఎంత ఇవ్వగలడో అంతే. కోవిల్పట్టి అగ్గిపెట్టెల కార్మికుల కూలి, విరుదునగర్ పప్పు, నూనె మండీల గుమాస్తాల జీతం పార్కు పేరు వినగానే పెరగవు. అందుకే ఆ వీధిలో కాపురముంటున్న ముగ్గురు నలుగురిని ఎంత కడుతున్నారో అడగండి. బ్రోకరు మాట లెక్కలోకి తీసుకోవద్దు. రెండేళ్లుగా బాడుగలు కదలకుండా ధరే పెరిగివుంటే ఆగండి.

మీరే కాపురముండేట్టయితే లెక్క వేరు. అప్పుడైనా లేఅవుటుకు డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) ఆమోదం, విల్లంగం పత్రం (ఆస్తిపై తాకట్లు, బాధ్యతలు చూపే ఈసీ) చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.