నావికాధిపతి లూయీ బాటెన్‌బర్గ్

భారతదేశపు చివరి వైస్రాయి మౌంట్‌బాటెన్ పేరు మనకు సుపరిచితమే. అయితే ఆ ఇంటిపేరు పూర్వికుల నుండి సంక్రమించినది కాదు. 1917లో ఆయన తండ్రి కొత్తగా స్వీకరించినది. ఆ తండ్రి బాటెన్‌బర్గ్ రాకుమారుడు లూయీ. ఆ పేరు మార్పు వెనుక నలభై ఆరేండ్ల నావికాసేవ ఉంది. ఆ సేవకు దక్కిన చేదు ప్రతిఫలమూ ఉంది.

లూయీ 1854 మే 24న ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ జర్మన్ సంస్థానమైన హెస్సె రాజవంశీయుడు. తల్లి జూలియా రాజవంశంలో పుట్టినది కానందున ఆ దంపతుల సంతానానికి సింహాసనంపై హక్కు లేకపోయింది. రాజ్యంలేని ఆ రాకుమారుని మనసు సముద్రంపైకి మళ్లింది. పధ్నాలుగవ ఏట, 1868లో, బ్రిటిష్ పౌరసత్వం స్వీకరించి రాయల్ నేవీలో చేరాడు. అప్పటికి జర్మన్ సామ్రాజ్యం ఇంకా అవతరించనేలేదు. అది ఏర్పడినది 1871లో.

1875-76లో వేల్స్ యువరాజు పరివారంతో ఆయన భారతదేశంలో పర్యటించాడు. 1882లో అలెగ్జాండ్రియా యుద్ధంలో పాల్గొన్నాడు. 1884లో విక్టోరియా రాణి మనుమరాలిని వివాహమాడాడు. రాజబంధుత్వమే ఆయనకు పదవులు తెచ్చిపెట్టిందని గిట్టనివారు అనేవారు. కాని 1892లో ఆయన రూపొందించిన పరికరం ఏ బంధుత్వమూ ఇవ్వగలిగినది కాదు. కదిలే నౌకల నడుమ ఒక నౌక తన స్థానం మార్చుకోవడానికి ఏ దిశలో, ఎంత వేగంతో సాగాలో అది తెలిపేది. 1902లో నౌకాదళ గూఢచార విభాగానికి, 1912 డిసెంబరులో ఫస్ట్ సీ లార్డ్‌గా నౌకాదళానికే ఆయన అధిపతి అయ్యాడు.

1914 జులైలో పరీక్షార్థం సమీకరించిన నౌకలు ఇక చెదిరిపోవలసి ఉంది. సెర్బియా విషయమై ఐరోపాలో యుద్ధమేఘాలు కమ్ముకున్నాయి. జులై 26, ఆదివారం. నౌకాశాఖ మంత్రి చర్చిల్ లండన్‌లో లేడు. నౌకలు ఎక్కడివక్కడే నిలవాలని లూయీ ఆజ్ఞాపించాడు. చర్చిల్ తిరిగివచ్చి ఆ నిర్ణయాన్ని సమర్థించాడు. ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలో ప్రవేశించేనాటికి నౌకాదళం సిద్ధంగా ఉంది.

అయినా పత్రికలకు, జనానికి కనిపించినది ఆయన జర్మన్ పేరే. సెప్టెంబరు 22న జర్మన్ జలాంతర్గామి ఒక్కటే మూడు యుద్ధనౌకలను ముంచివేసింది. సుమారు 1,450 మంది మరణించారు. నింద లూయీ జన్మపై పడింది. యుద్ధ నిర్వహణలో ఆయనకు తగినంత చొరవ లేదన్న విమర్శ కూడా ఉంది. అది వేరు, పుట్టుకనే నేరంగా ఎంచడం వేరు. అక్టోబరు 27న ఆయన సోదరుని కుమారుడు మారిస్ బ్రిటిష్ సైన్యం పక్షాన పోరాడుతూ ఈప్ర్ రణరంగంలో నేలకొరిగాడు. మరునాడే, తన జన్మ తన సేవకు అవరోధంగా మారిందని పేర్కొంటూ లూయీ రాజీనామా సమర్పించాడు. ఆయన చిన్న కుమారుడు అప్పుడు పధ్నాలుగేండ్ల నావికా విద్యార్థి. తండ్రి విడిచిన ఆ పదవినే అతడు 1955లో అలంకరించాడు.

1917లో ఐదవ జార్జి రాజు కోరికపై లూయీ జర్మన్ బిరుదులను త్యజించాడు. జర్మన్ భాషలో కొండ అని అర్థమిచ్చే ‘బర్గ్’ ఆంగ్లంలోకి మారి ‘మౌంట్’ అయింది. రాకుమారుడు మిల్‌ఫర్డ్ హేవెన్ మార్క్విస్‌గా మిగిలాడు. 1921 ఆగస్టులో నౌకాదళం ఆయనకు తన అత్యున్నత హోదా అయిన అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్‌ను ప్రసాదించింది. సెప్టెంబరు 11న ఆయన లండన్‌లో మరణించాడు.