ఆఫీసు అయ్యాక మొదలయ్యే పని

రాజ్ నిడిమోరుది తిరుపతి. అందరూ డీకే అని పిలిచే కృష్ణది చిత్తూరు. ఇద్దరూ తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకున్నారు, అమెరికా వెళ్లారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కుదురుకున్నారు. ఇంతవరకూ అయితే ఆ రెండు ఊళ్లలో ఏ వీధిలో అడిగినా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది. వీళ్ల దారి మలుపు తిరిగింది సెలవు రోజుల్లో. ఉద్యోగం చేసుకుంటూనే కెమెరా పట్టి చిన్న చిన్న సినిమాలు తీశారు. తీస్తూ తీస్తూనే పని నేర్చుకున్నారు. 2003లో 'ఫ్లేవర్స్' అనే పూర్తి నిడివి సినిమా తీసుకొచ్చారు.

అది అమెరికాలో బతికే భారతీయుల కథ. అంటే తాము రోజూ చూస్తున్న మనుషుల కథే. దాని తర్వాత ఫోన్లు మోగిపోయాయని, నిర్మాతలు వరుస కట్టారని అనుకుంటే పొరపాటు. వాళ్ల తొలి హిందీ సినిమా '99' వచ్చింది 2009లో. మధ్యలో ఆరేళ్లు. ఆ తర్వాత 'షోర్ ఇన్ ద సిటీ', 'గో గోవా గాన్' వచ్చాయి. 2018లో 'స్త్రీ'కి రచన చేశారు. 2019లో 'ద ఫ్యామిలీ మ్యాన్', 2023లో 'ఫర్జీ'తో దేశమంతటా ఇంటింటికీ తెలిసిన పేర్లయ్యారు. ఈ వరుసను చివరి నుంచి చూసేవాళ్లకు విజయం కనిపిస్తుంది. కెరీర్ మొదలుపెడుతున్న విద్యార్థి మాత్రం దాన్ని మొదటి నుంచి చదవాలి. 2003కీ 2009కీ మధ్య ఉన్న ఖాళీని మరీ జాగ్రత్తగా చదవాలి. సైడ్ ప్రాజెక్టు వెంటనే ఉద్యోగం తెచ్చిపెట్టే లాటరీ కాదని ఆ ఆరేళ్లే చెబుతున్నాయి.

మరి అది ఇచ్చేదేమిటి?

తిరుపతిలో ఒక డిజైన్ షాపులో పనిచేసే కుర్రాణ్ని ఊహించుకోండి. పొద్దున పెళ్లి ఫ్లెక్సీ, మధ్యాహ్నం కోచింగ్ సెంటర్ కరపత్రం, సాయంత్రం కొత్త హోటల్ మెనూ కార్డు. "పేరు ఇంకొంచెం పెద్దది చెయ్యి నాయనా", "స్వామివారి బొమ్మ పైకి జరుపు", "పసుపు కాదు, ఎరుపు పెట్టు" అని కస్టమరు పక్కన కుర్చీ వేసుకుని చెబుతుంటాడు. ఇది గౌరవమైన పని. చేతికి వేగం వస్తుంది, గడువుకి పని ముగించడం అలవాటవుతుంది, ప్రింటింగ్ ప్రెస్‌లో ఏ రంగు ఎలా మారుతుందో తెలుస్తుంది. కానీ ఏది బాగుందో తేల్చేది ప్రతిసారీ ఎదుటివాడే. మూడేళ్లు గడిచాక ఆ కుర్రాడి దగ్గర వందల డిజైన్లు ఉంటాయి. అందులో అతని అభిరుచి ఎంత, కస్టమర్ల అభిరుచి ఎంత అని అడిగితే విడదీసి చెప్పడం అతనికే కష్టం. ఎవరూ అడగకుండా, ఎవరూ డబ్బివ్వకుండా చేసుకునే పనిలో ఆఖరి మాట అతనిదే. బాగా రాకపోతే నెపం వేయడానికి ఎవరూ ఉండరు. సృజనాత్మక రంగాల్లో ఎదుగుదల అంటే ఈ నిర్ణయశక్తి ఎదగడమే. సాఫ్ట్‌వేర్లు ఎవరైనా నేర్చుకోగలరు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న తీర్పు మాత్రం సొంతంగా తీర్పులు చెప్పుకుంటేనే వస్తుంది.

సత్యజిత్ రాయ్ కథ కూడా ఇక్కడే మొదలవుతుంది. 1943లో ఆయన కలకత్తాలో డీజే కీమర్ అనే ప్రకటనల సంస్థలో 80 రూపాయల జీతానికి చేరారు. పుస్తకాలకు బొమ్మలు కూడా వేసేవారు. విభూతిభూషణ్ నవల 'పథేర్ పాంచాలి' పిల్లల సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేస్తున్నప్పుడే అందులో సినిమా కనిపించింది. 1952 అక్టోబరులో షూటింగ్ మొదలైంది, అదీ ఉద్యోగానికి సెలవైన రోజుల్లో. రెల్లు పూల మధ్య అక్కాతమ్ముళ్ల సన్నివేశం సగం తీసి, వారం తర్వాత మళ్లీ వెళ్లేసరికి ఆ పూలన్నీ పశువులు మేసేశాయి. మిగతా సగానికి మరుసటి ఏడు పూలు పూసేదాకా ఆగాల్సి వచ్చింది. బీమా పాలసీ తాకట్టుకు వెళ్లింది, భార్య నగలూ వెళ్లాయి. సినిమా 1955లో విడుదలైంది. అన్నేళ్లూ ఇల్లు గడిపింది ప్రకటనల ఉద్యోగమే. ఉద్యోగాన్ని తిట్టుకుంటూ సృజన గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

తిరుపతికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ. 1893లో అనంతపురం జిల్లాలో పుట్టిన ఆయన, మైసూరు మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు పాఠాలు చెప్పారు. జీతం తెలుగు పాఠానికి. దాని పక్కన ఆయన వదలకుండా పట్టుకున్నది సంగీతం. మైసూరులో పెద్ద విద్వాంసుల దగ్గర శిక్షణ పొందారు, సాధన ఆపలేదు. కాలేజీ లెక్కలో ఆ సంగీతానికి ఒక్క మార్కు కూడా లేదు.

ఇటు తిరుమలలో అన్నమాచార్యుల కీర్తనలు చెక్కిన రాగిరేకులు ఎంతో కాలం మరుగున ఉండి, 20వ శతాబ్దంలో వెలుగు చూశాయి. వాటిని చదివి, పరిష్కరించి, అచ్చు వేయించే పనిని వేటూరి ప్రభాకరశాస్త్రి భుజాన వేసుకున్నారు. 1950లో ఆయన కన్నుమూశారు. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరూ ఉంది, స్వరం మాత్రం లేదు. ఇప్పుడు కావలసిన మనిషికి పాత తెలుగు పలుకుబడి తెలియాలి, ఛందస్సు తెలియాలి, దాంతోపాటు రాగం పేరు చూసి పాట ఎలా నడవాలో ఊహించగల చెవీ ఉండాలి. తెలుగు పండితులు చాలామంది ఉన్నారు, విద్వాంసులూ ఉన్నారు. రెండూ ఒకే మనిషిలో కావాలంటే రాళ్లపల్లి వంటి వారే దొరికారు. మైసూరు ఉద్యోగం ముగించుకుని తిరుపతి వచ్చిన ఆయన కీర్తనల పరిష్కరణలో పాలుపంచుకున్నారు, ఎన్నో కీర్తనలకు స్వరాలు కూర్చారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. బతుకంతా 'పక్కపని'గా ఉన్న సంగీతం, అరవైకి దగ్గరవుతున్న వయసులో ఆయన్ని ఒక చారిత్రక పనికి అర్హుణ్ని చేసింది. ఒక పని నేర్చినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. రెండు పనులు కలిసే చోట నిలబడగలిగేవాళ్లు అరుదు. డిజైన్‌తోపాటు అక్షరరూపకల్పన, ఎడిటింగ్‌తోపాటు జానపద సంగీతం, యానిమేషన్‌తోపాటు పురాణం తెలిసిన వాళ్ల కోసం ఇవాళ్టికీ వెతుకులాట ఉంది.

దామలచెరువులో బడిపంతులుగా పనిచేసిన మధురాంతకం రాజారాం కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పత్రికల్లో పనిచేస్తూ నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు పల్లెల మాటలోనే కథలు రాసి ఆ యాసకు సాహిత్యంలో పీట వేశారు. ఇద్దరికీ ఉద్యోగం అడ్డు రాలేదు. పంతులుకు కనిపించిన పల్లె మనుషులే ఆ కథల్లోకి నడిచి వచ్చారు.

శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి కూడా బడిపంతులుగానే మొదలయ్యారు. తండ్రి లక్ష్మయ్య దగ్గర నేర్చిన కలంకారీయే తర్వాత ఆయన జీవితమైంది, 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈ పనిని ఒకసారి దగ్గర నుంచి చూస్తే 'తీరిక వేళ సరదా' అన్న మాట నోట రాదు. గుడ్డను కరక్కాయ రసం, గేదెపాలలో తడిపి ఆరబెట్టాలి. కాల్చిన చింతబరికెతో బొమ్మ గీయాలి. చెక్కిన వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరితే నల్లరంగు. పటిక పూసిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. రంగు రంగుకీ మధ్య పారే నీళ్లలో ఉతకాలి. ఒక్క మెట్టు తొందరపడినా గుడ్డ మీద మరక చెబుతుంది. కంప్యూటర్ మీద తప్పును ఒక్క మీటతో వెనక్కి తిప్పుకునే డిజైనర్ ఈ పనిలో కొన్నాళ్లు కూర్చుంటే ముందుగా ఆలోచించి గీత గీయడం అలవడుతుంది. పద్ధతిగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు తిరుపతిలోనే తితిదే నడిపే శ్రీవేంకటేశ్వర సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ ఉంది. ఆలయ నిర్మాణం, శిలాశిల్పం, లోహశిల్పం, కొయ్యశిల్పం, చిత్రలేఖనం, కలంకారీ అక్కడ నేర్పుతారు.

ఇక ఏం చేయాలన్న ప్రశ్న. చాలామంది విద్యార్థులు ఇంటర్నెట్‌లో కనిపించిన విదేశీ నమూనాలను చూసి, ఊహాజనిత కాఫీ కంపెనీకి లోగోలు గీస్తుంటారు. అలాంటివి దేశంలో ప్రతి డిజైన్ విద్యార్థి దగ్గరా ఉంటాయి. తిరుపతి పిల్లల దగ్గర మరొకరి దగ్గర లేనిది ఉంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒంటినిండా సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. తెలుపు, ఎరుపు, నలుపు, చందనం రంగు. ఒక డిజైనర్‌కు ఇంతకన్నా గట్టి రంగుల వరుస ఎవరిస్తారు? చిత్తూరు పల్లెల్లో భారతం మిట్ట మీద జరిగే ఉత్సవాలు ఇంకో గని. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర మట్టితో పోసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ వధ ఘట్టం. యానిమేషన్ నేర్చుకునే అమ్మాయి అందులో ఒక్క ఘట్టాన్ని, ఒక్క నిమిషం నిడివిలో పూర్తి చేస్తే చాలు. మొత్తం మహాభారతం తీస్తానంటే మొదటి పర్వం దాటదు.

పరిధి చిన్నదిగా ఉండడం అంత ముఖ్యం. గంగమ్మ జాతరలో వేషానికో పోస్టరు, అంతే. జాతర ముగిసిన నెలలోపు అవి ప్రింటయి గోడమీద ఉండాలి. సగం చేసిన అద్భుతం కన్నా పూర్తయిన చిన్నపని ఎక్కువ నేర్పుతుంది. ముగింపు దగ్గర తీసుకునే నిర్ణయాలే అన్నిటికన్నా కష్టమైనవి, వాటిని సగంలో ఆపేసినవాళ్లు ఎప్పటికీ ఎదుర్కోరు. పోర్ట్‌ఫోలియోలో పెట్టేటప్పుడు చివరి బొమ్మతోపాటు పక్కన పెట్టేసిన రెండు నమూనాలు కూడా చూపించి, ఎందుకు వద్దనుకున్నారో నాలుగు ముక్కలు రాయడం మంచిది.

ఈ మాటలన్నీ చెబుతూనే ఒక విషయం ఒప్పుకోవాలి. పొద్దున్నే ఇంటిపని, తర్వాత బస్సు ప్రయాణం, పది గంటల డ్యూటీ, మళ్లీ వంటిల్లు చూసుకునే ఆడపిల్లకు 'రాత్రి పూట సొంత పని చేసుకో' అని సలహా ఇవ్వడం చాలా తేలిక. ఇంట్లో ఎవరో ఒకరు ఆ పనిలో సగం పంచుకోకపోతే ఆ సలహాకు అర్థం లేదు. వారానికి ఒక్క ఆదివారం పొద్దున మూడు గంటలు దొరికినా చాలు, ఏడాదికి అది చిన్నదేమీ కాదు. ఉద్యోగం మానేయమని మాత్రం ఎవరికీ చెప్పకూడదు. జీతం నిలకడగా ఉన్నప్పుడే సొంత పనిలో ధైర్యంగా తప్పులు చేయగలం. పైగా ఉద్యోగం ముడిసరుకు కూడా ఇస్తుంది. 2021లో వచ్చిన 'ఫ్యామిలీ మ్యాన్' రెండో సీజన్‌లో గూఢచారి శ్రీకాంత్ తివారీ ఐటీ కంపెనీలో చేరి, వయసులో చిన్నవాడైన బాస్ మాటలు పడుతుంటాడు. ఆ ఆఫీసు సన్నివేశాలకు అంత నిజం అబ్బడంలో రాజ్, డీకేల సాఫ్ట్‌వేర్ రోజుల పాత్ర కూడా ఉందనిపిస్తుంది. అదే ఏడాది వాళ్లు నిర్మించిన 'సినిమా బండి' కూడా ఇక్కడ గుర్తుకు రావాల్సిందే. తన బండిలో ఎవరో మరిచిపోయిన కెమెరాతో సినిమా తీయడానికి తెగించిన ఆటోడ్రైవర్ కథ అది.

చివరగా కాగితాల సంగతి. సైడ్ ప్రాజెక్టు వేరు, ఒక చోట ఉద్యోగం చేస్తూనే చాటుగా మరో సంస్థకు పనిచేసే మూన్‌లైటింగ్ వేరు. 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ సంస్థలకూ పనిచేస్తూ దొరికిన 300 మందిని తొలగించామని ప్రకటించారు. సొంత ఆనందానికి బొమ్మలు వేసుకునేవాళ్లతో దానికి పోలిక లేదు. అయినా ఆఫర్ లెటర్‌లో బయటి పనుల గురించి, సృష్టి హక్కుల గురించి ఏం రాశారో సంతకానికి ముందే చదవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన పనికి తొలి హక్కుదారు యజమానే. అందుకే సొంత పనిని ఆఫీసు లాప్‌టాప్‌లో, ఆఫీసు సాఫ్ట్‌వేర్ లైసెన్సుతో చేయకపోవడం క్షేమం. ప్రభుత్వ ఉద్యోగులు ప్రవర్తనా నియమావళి చూసుకుని, అవసరమైతే అనుమతి తీసుకోవాలి. తిరుపతిలో పాటల వీడియో చేయాలనుకునే కుర్రాళ్లు ఇంకొకటి గమనించాలి. ఐదు వందల ఏళ్ల నాటి అన్నమయ్య సాహిత్యాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. కానీ దానికి ఈ కాలపు స్వరకర్త కూర్చిన బాణీకి ఆ స్వరకర్త జీవితకాలంతోపాటు మరణానంతరం 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది, రికార్డింగుకు వేరే హక్కు. సొంతంగా బాణీ కట్టుకోవడమో, హక్కుదారు నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోవడమో షూటింగ్‌కు ముందే తేల్చుకోవాలి.