గాయం మానితే సరిపోతుందా?
క్రోన్స్ వ్యాధి, భగందరం, చికిత్స తరువాతి జీవితం

ఈ ప్రత్యేక సంచిక విజ్ఞాన విభాగానికి ఒక వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, నా వృత్తికి సంబంధించిన ఉత్ప్రేరకాలను గురించి వ్రాయాలని మొదట అనుకొన్నాను. చివరకు, ఇంతకాలం దాచుకొన్న ఒక విషయాన్ని వ్రాయడమే ఎక్కువమందికి ఉపయోగమనిపించింది. మన సమావేశాలలో మధుమేహాన్ని గురించీ, రక్తపోటును గురించీ, గుండెకు వేయించుకొన్న స్టెంట్లను గురించీ నిస్సంకోచంగా మాట్లాడుకొంటాము. మలద్వారం దగ్గర వచ్చే జబ్బును గురించి మాత్రం భార్యాభర్తలు కూడా గొంతు తగ్గించే మాట్లాడుకొంటారు. 2014 నుండి నేను అటువంటి జబ్బుతో జీవిస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను, రసాయన శాస్త్రజ్ఞుణ్ణి. కనుక ఇందులోని విషయాలు అవగాహన కొరకే. చికిత్సను నిర్ణయించవలసినది మీ వైద్యులు.

వ్యాధి స్వరూపం

1932లో న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రికి చెందిన బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఆపెన్‌హైమర్ అనే ముగ్గురు వైద్యులు చిన్నప్రేగు చివరి భాగంలో వచ్చే ఒక వాపు వ్యాధిని వర్ణించారు. పేర్లను అక్షరక్రమంలో ముద్రించినందువల్ల మొదటి పేరే వ్యాధికి స్థిరపడింది. నోటినుండి మలద్వారం వరకు జీర్ణనాళంలో ఎక్కడైనా ఈ వ్యాధి రావచ్చును. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ ప్రేగుగోడపైననే దాడి చేయడం దీని లక్షణం. ఈ వాపు ప్రేగు లోపలి పొరతో ఆగక గోడ మందమంతటా వ్యాపిస్తుంది. అందువల్ల గోడకు చిల్లి పడి, చీముగడ్డ ఏర్పడి, ఆ చీము వెలుపలికి ఒక దారి తొలుచుకొంటుంది. మలద్వారం పక్కన చర్మంపై తెరుచుకొనే ఆ సొరంగమే భగందరం, ఇంగ్లీషులో ఫిస్టులా.

అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో ఓమ్‌స్టెడ్ కౌంటీ ప్రజలపై జరిపిన అధ్యయనం 2002లో వెలువడింది. క్రోన్స్ వ్యాధి నిర్ధారణ అయిన పదేళ్లలో 21 శాతం మందికి, ఇరవై ఏళ్లలో 26 శాతం మందికి మలద్వార భగందరం వచ్చినట్లు అందులో తేలింది. అంటే నలుగురు రోగులలో ఒకరికి ఈ అవస్థ తప్పదన్నమాట.

ఇది తెల్లవారి జబ్బు అనుకోరాదు. కెనడాలోని ఆంటారియోలో జరిపిన పరిశీలన 2015లో ప్రచురితమైంది. దక్షిణాసియానుండి వలస వచ్చినవారిలో ప్రేగువాపు వ్యాధులు స్థానికులకంటె తక్కువే. అక్కడ పుట్టిన వారి పిల్లలలో మాత్రం ఆ ముప్పు స్థానికుల పిల్లలతో సమానమైంది. ఒక తరంలో జన్యువులు మారవు కనుక, ఆహారం, పరిసరాలు, ప్రేగులలోని సూక్ష్మజీవులు ఇందుకు కారణాలై ఉండాలి.

సుశ్రుతుని దారం, నేటి దారం

భగందరం మన పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుతుడు దానిని ఐదు రకాలుగా విభజించాడు. జల్లెడవలె అనేక రంధ్రాలు పడే రకానికి శతపోనకమని పేరు. నేటి శస్త్రవైద్యులు అటువంటి స్థితినే మొక్కలకు నీళ్లు చల్లే డబ్బా మూతితో పోలుస్తారు. సుశ్రుత సంహితలో చెప్పిన క్షారసూత్రాన్ని గత శతాబ్దంలో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు మళ్లీ వాడుకలోకి తెచ్చారు. నూలు దారానికి జెముడు పాలు, ఉత్తరేణి బూడిదనుండి తీసిన క్షారం, పసుపు ఇరవై ఒక్క పూతలుగా పట్టించి ఎండబెడతారు. ఉత్తరేణి క్షారంలో పొటాషియం లవణాలు అధికం. భగందరంలో కట్టిన దారం కణజాలాన్ని మెల్లగా కోస్తూ, వెనుకనుండి గాయాన్ని మానుస్తూ పోతుంది. 1991లో భారత వైద్య పరిశోధన మండలి ప్రచురించిన పరీక్షలో ఈ పద్ధతికి శస్త్రచికిత్సకంటె ఎక్కువ వారాలు పట్టినా, వ్యాధి తిరగబెట్టడం తక్కువగా కనిపించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ ఫలితం సాధారణ భగందరానిది. క్రోన్స్ రోగి గాయం సులభంగా మానదు. మలాన్ని ఆపి ఉంచే కండర వలయాన్ని దారం కోస్తే, వ్యాధితో బలహీనపడిన ఆ భాగం మళ్లీ పట్టు సంపాదించుకోలేకపోవచ్చును. అందువల్ల క్రోన్స్ వ్యాధిలో వాడే సీటన్ అనే దారం కోయడానికి కాదు, దారి తెరిచి ఉంచి చీము బయటికి పోనివ్వడానికి. దానిని వదులుగా ముడివేస్తారు. సెలవులకు స్వదేశం వెళ్లినప్పుడు క్రోన్స్ సంగతి చెప్పకుండా కోత దారం కట్టించుకోవడం ప్రమాదం.

చిన్న అణువులు, పెద్ద అణువు

మందుల చరిత్ర రసాయన శాస్త్రజ్ఞునికి ఆసక్తికరమైనది. మొదట వచ్చినవి చిన్న అణువులు. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ రూపొందించిన మెర్కాప్టోప్యూరిన్ అణుభారం 152 మాత్రమే. వారికి 1988లో నోబెల్ బహుమతి లభించింది. రెండవది మెథోట్రెక్సేట్, అణుభారం 454. ఈ మందు వెనుక మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కృషి ఉన్నది. లెడర్లీ ప్రయోగశాలలలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, తరువాత దానికి ప్రతికూలంగా పనిచేసే మందుల తయారీ జరిగాయి. స్ప్రూ అనే ప్రేగుల వ్యాధి ఆయన సోదరుణ్ణి బలిగొన్నదని తెలిసినప్పుడు, ఆయన మందు మరొక ప్రేగుల వ్యాధికి ఉపయోగపడడం నాకు కేవలం యాదృచ్ఛికమనిపించదు. నేటికీ మెథోట్రెక్సేట్ వాడే రోగికి తోడుగా ఫోలిక్ ఆమ్లం కూడా ఇస్తారు.

భగందరానికి అసలైన మలుపు 1998లో వచ్చింది. ఆ సంవత్సరం అమెరికా ప్రభుత్వం ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందును క్రోన్స్ వ్యాధికి అనుమతించింది. దీని అణుభారం సుమారు 1,49,000. చిన్న మందులు ఇటుకలైతే ఇది ఒక మేడ. ఇది ప్రతిరక్షకం అనే జాతి ప్రొటీన్. వాపును రగిలించే టీ.ఎన్.ఎఫ్. అనే సంకేత ప్రొటీన్‌ను పట్టుకొని పనిచేయనివ్వదు. ప్రొటీన్ కనుక మింగితే పప్పువలె జీర్ణమైపోతుంది. అందుకే రక్తనాళం ద్వారా ఎక్కిస్తారు. కొందరి శరీరం దీనిని పరాయిదిగా గుర్తించి ఎదురు ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అప్పుడు మందు పట్టు తప్పుతుంది. రక్తంలో మందు మోతాదును కొలవడం అందుకే.

1999లో ప్రచురితమైన పరీక్షలో 94 మంది పాల్గొన్నారు. సాధారణ మోతాదు పొందినవారిలో 55 శాతం మందికి భగందరాలన్నీ మూసుకొన్నాయి. ఉత్తుత్తి మందు పొందినవారిలో 13 శాతమే. 2004లో వెలువడిన పరీక్షలో, మొదట గుణం కనిపించినవారిలో మందు కొనసాగించిన 36 శాతం మందికి 54 వారాల తరువాత కూడా మూసుకొనే ఉన్నాయి. మందు ఆపినవారిలో అది 19 శాతం. ఇది గొప్ప విజయమే. మూడింట రెండు వంతుల మందికి ఆ విజయం అందలేదన్నది కూడా అంతే నిజం.

అన్ని ఆశలూ నిలవలేదు. కొవ్వునుండి తీసిన మూలకణాలతో తయారైన డార్వాడ్‌స్ట్రోసెల్ అనే మందును ఐరోపాలో 2018లో అనుమతించారు. రెండవ పెద్ద పరీక్షలో అది మేలని రుజువు కాలేదు. 2024 చివరలో దానిని ఉపసంహరించారు.

మానడమంటే ఏమిటి?

వైద్యుని దృష్టిలో వేలితో నొక్కినా చీము రాకపోతే భగందరం మూసుకొన్నట్లే. ఎం.ఆర్.ఐ. చిత్రం వేరొక మాట చెబుతుంది. పైన చర్మం మూసుకొన్నా, లోపలి దారి మానడం నెలల తరబడి వెనుకబడి ఉంటుంది. 2022లో వెలువడిన ఒక ఐరోపా పరీక్షలో, మందుతోపాటు శస్త్రచికిత్సతో దారిని మూసినవారిలో 32 శాతం మందికి, మందు మాత్రమే వాడినవారిలో 9 శాతం మందికి పద్దెనిమిది నెలల తరువాత ఎం.ఆర్.ఐ.లో మానినట్లు కనిపించింది. వైద్యుడు, శస్త్రవైద్యుడు కలిసి పనిచేయాలన్నది ఇందులోని పాఠం.

రోగి దృష్టిలో మానడం మూడవ రకం. దానికే జీవన నాణ్యత అని పేరు. కెనడాలోని మక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 1989లో రూపొందిన ప్రశ్నావళిలో 32 ప్రశ్నలుంటాయి. ఒక్కొక్కదానికి 1 నుండి 7 వరకు మార్కులు. ప్రేగుల బాధ, ఒంటి నీరసం, మనస్సు, సాంఘిక జీవితం అనే నాలుగు అంశాలను అది తడుముతుంది. భగందరానికి ప్రత్యేకమైన ప్రశ్నలు అందులో లేవు. 1995లో వచ్చిన మరొక కొలబద్ద చీము, నొప్పి, దాంపత్య జీవితానికి అడ్డంకి మొదలైన ఐదు అంశాలకు మార్కులిచ్చింది. కేవలం క్రోన్స్ భగందరం కొరకు, రోగులనే అడిగి తయారుచేసిన 28 ప్రశ్నల కొలబద్ద 2021లో గాని రాలేదు. వ్యాధిని వర్ణించిన 89 ఏళ్లకు రోగి మాట కాగితంమీదికి ఎక్కిందన్నమాట.

నా అనుభవం

మొదట ఒక వైద్యుడు మొలలన్నారు. ఒక సంవత్సరం లేపనాలతో గడిచింది. ప్రయోగశాలలో ఎత్తు బల్లపై కూర్చోలేక నిలబడే పనిచేశాను. సంచిలో ఎప్పుడూ ఒక జత బట్టలుండేవి. లేత రంగు పంట్లాములు కట్టడం మానేశాను. ఎవరింటికైనా వెళితే మొదట చూసేది మరుగుదొడ్డి ఎటువైపున్నదని.

2014లో మా అక్క పెద్దకూతురి పెళ్లి జరిగింది. మేనమామగా పెళ్లికూతుర్ని గంపలో మోసుకొని రావలసినవాణ్ణి నేను. నడుం నొప్పి అని అబద్ధం చెప్పి పక్కకు తప్పుకొన్నాను. పీటలమీద కూర్చోలేదు, పంక్తిలో భోంచేయలేదు. అమెరికా వెళ్లాక మర్యాదలు మరచిపోయాడని ఎవరో అనగా విన్నాను. ఆ మాటకంటె నా మేనకోడలి ముఖమే ఎక్కువ బాధించింది.

2015లో సరైన నిర్ధారణ జరిగింది. రక్తపరీక్షలో నిద్రాణమైన క్షయ బయటపడినందున ముందుగా దానికి మందు వాడి, ఆ తరువాత ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొదలుపెట్టారు. ఏడాదికి పైగా ఉన్న సీటన్ దారాన్ని 2016లో తీసివేశారు. క్రమంగా చీము ఆగింది. వైద్యుడు సంతోషంగా ‘మానింది’ అన్నాడు. కానీ నేను మానలేదు. సంచిలో బట్టల జత అలాగే ఉన్నది. కొద్దిగా పొడిచినట్లుంటే మళ్లీ వచ్చిందేమోనని నిద్ర పట్టేది కాదు. ఎనిమిది వారాలకొకసారి మందు ఎక్కించుకోవలసి ఉన్నందున ఇండియా ప్రయాణాలూ, బీమాకు భయపడి ఉద్యోగపు మార్పులూ దానినిబట్టే నిర్ణయమయ్యేవి. ఈ భయం మందుకు లొంగలేదు. ఆసుపత్రిలోని మానసిక సలహాదారు వద్దకు ఆరు నెలలు వెళ్లాక తగ్గింది.

ఆ తరువాత ఒకనాడు అక్కకు ఫోను చేసి జరిగినదంతా చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, ‘ఇన్నేళ్లు నాతో చెప్పుకోలేకపోతే ఇంక నేనెందుకురా నీకు?’ అన్నది. చికిత్సలో నాకు అందిన చివరి మోతాదు ఆ మాటే.

మన కుటుంబాలకు కొన్ని సూచనలు

1. మలద్వారం వద్ద మళ్లీమళ్లీ చీముగడ్డ వస్తే మొలలని సరిపెట్టుకోకండి. పిల్లలలో బరువు తగ్గడం, ఎదుగుదల ఆగడం, విరేచనాలు తోడైతే మరీ జాగ్రత్త వహించండి.

2. మనలో చాలామంది క్షయ ఎక్కువగా ఉన్న దేశంలో పెరిగినవారు. టీ.ఎన్.ఎఫ్.ను అణచే మందులు నిద్రాణమైన క్షయను మేల్కొల్పగలవు. ముందుగా పరీక్ష తప్పనిసరి. చిన్ననాటి బీ.సీ.జీ. టీకావల్ల చర్మపరీక్ష తప్పుదారి పట్టించవచ్చు. రక్తపరీక్షకు ఆ ఇబ్బంది లేదు.

3. పొగ త్రాగడం ఈ వ్యాధిని తీవ్రం చేస్తుంది. మానివేయండి.

4. సంతానం కోరుకొనేవారు ముందే వైద్యునితో మాట్లాడాలి. మెథోట్రెక్సేట్ గర్భస్థ శిశువుకు హానికరం. భగందరం చురుకుగా ఉన్నప్పుడు సాధారణంగా సిజేరియన్ కాన్పును సూచిస్తారు.

5. కొందరికి మలాన్ని పొట్టమీది సంచిలోకి మళ్లించవలసి వస్తుంది. తాత్కాలికమని చేసినా, తిరిగి ప్రేగును కలపగలిగినది సుమారు 17 శాతం మందికేనని 2015 నాటి సమీక్ష చెబుతున్నది. ఇది తెలిసే ఒప్పుకోవాలి. అయినా నొప్పి, చీము లేకుండా బ్రతకడం ఆ సంచితోనే సాధ్యమైనవారు ఉన్నారు. దానిని ఓటమిగా చూడరాదు.

6. దీర్ఘకాలం ఉన్న భగందరంలో అరుదుగా క్యాన్సరు రావచ్చు. బాధ లేకపోయినా వైద్యుణ్ణి చూడడం మానకండి.

7. ఇంట్లో రోగి ఉంటే ‘తగ్గిందా?’ అని మాత్రమే అడగకండి. హాయిగా కూర్చోగలుగుతున్నావా, నిద్ర పడుతున్నదా, దేనికైనా వెనుకాడుతున్నావా అని అడగండి.

2019లో అక్క చిన్నకూతురి పెళ్లి జరిగింది. గంపకు ఒకవైపు నేను పట్టుకొన్నాను. పీటలమీద గంటసేపు కూర్చున్నాను. నా ఎం.ఆర్.ఐ. చిత్రంలో ఆ దారి జాడ అప్పటికీ సన్నని గీతగా ఉన్నది. ఇప్పటికీ ఉన్నది. అది ఉన్నదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఈ సంచిక చదివే మీకూ ఇప్పుడు తెలిసింది. ఇదే బాధను దాచుకొంటూ మీలో ఒక్కరు ఈ వారం వైద్యుని వద్దకు వెళ్లినా ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే.