స్నో బ్లోయర్‌కి టైర్లా, ట్రాకులా? పామర్రు చేలో దొరికిన సమాధానం

ఈ సైట్‌లో నేను ఎప్పుడూ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, రౌటర్ల గురించే రాస్తుంటాను. ఈసారి మిషన్ కాస్త పెద్దది. మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో, మిన్నెసోటాలో ఉంటాడు. చలికాలం మొదలవ్వకముందే వీడియో కాల్ చేసి, "ఒరేయ్, గ్యాడ్జెట్ల మీద రాస్తుంటావుగా, ఒక సంగతి చెప్పు. స్నో బ్లోయర్ కొనాలి. టైర్లది తీసుకోనా, ట్రాక్‌ది తీసుకోనా? ధరలో చాలా తేడా ఉంది" అన్నాడు.

నేను పామర్రులో పుట్టి పెరిగాను. మంచు అంటే నాకు తెలిసింది సంక్రాంతి పొద్దున్నే బందరు రోడ్డు కనపడకుండా కమ్మేసే పొగమంచే. స్నో బ్లోయర్‌ని చేత్తో ముట్టుకోలేదు. కానీ ట్రాక్ సంగతి మాత్రం తెలుసు. మా చేలో ప్రతి కోతల సీజన్‌లో ఆ ప్రశ్నే వస్తుంది: టైర్ మిషన్ పిలవాలా, చైన్ మిషన్ పిలవాలా? మావాళ్లు "చైన్" అనేది రబ్బరు ట్రాక్‌నే. అన్నయ్యకి జవాబు చెప్పడానికి నేను ఆ అనుభవం నుంచే మొదలుపెట్టాను. మీరు రేపు ట్రాక్ ఉన్న ఏ మిషన్ స్పెసిఫికేషన్ షీట్ చూసినా ఈ పాఠం పనికొస్తుంది.

రెండు మిషన్లు, ఒకటే పోలిక

ముందుగా స్నో బ్లోయర్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. కెనడాలోని క్యూబెక్‌కి చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో దీన్ని తయారు చేశాడు. ఇప్పుడు ఇళ్ల ముందు వాడే పెద్ద సైజువి ఎక్కువగా "టూ స్టేజ్" రకం. ముందు భాగంలో స్క్రూ లాగా మెలి తిరిగిన ఆగర్ ఉంటుంది. అది మంచుని రెండు పక్కల నుంచి మధ్యకి లాగుతుంది. దాని వెనక ఉన్న ఫ్యాన్ ఆ మంచుని గొట్టంలోంచి దూరంగా విసురుతుంది. మనిషి వెనక హ్యాండిల్ పట్టుకుని నడుస్తాడు.

వరి కోత మిషన్ ముందు భాగం చూసినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు. అక్కడ కూడా కోసిన పైరుని రెండు పక్కల నుంచి మధ్యకి లాగేది ఆగరే. జపాన్ కంపెనీ యన్మార్ అయితే వరి కోత మిషన్లూ చేస్తుంది, స్నో బ్లోయర్లూ చేస్తుంది. బురద మడి, మంచు వాకిలి, రెండింటి దగ్గరా తేల్చుకోవాల్సింది ఒకటే: ఇంజిన్ పవర్ నేల మీదకి ఎలా దిగుతుంది?

2023 డిసెంబర్, మా నాలుగు ఎకరాలు

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. సరిగ్గా సార్వా కోతల టైమ్. అప్పుడు నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. కోతకొచ్చిన మా చేను మొత్తం పడిపోయింది. మడిలో నీళ్లు నిలబడ్డాయి. పడిపోయిన వరి నీళ్లలో ఉంటే నాలుగైదు రోజుల్లో కంకి మీదే మొలకలొస్తాయి. బోదెలకి గండ్లు కొట్టి నీళ్లు తీశాం కానీ నేల మాత్రం గట్టిపడలేదు. మాది నల్లరేగడి. తడిస్తే జిగురు, ఎండితే రాయి.

ఊళ్లో ఖాళీగా ఉన్నది ఒక టైర్ మిషనే. నేను ఫోన్‌లో దాని స్పెక్స్ చూసి నాన్నతో, "దీనికి వంద హార్స్‌పవర్ పైనే ఉంది నాన్నా, చైన్ దానికి అంత లేదు. ఇదే బెటర్" అన్నాను. ఆయన మడిలోకి దిగి, మడమ నొక్కి చూసి, "దిగబడిద్దిరా" అన్నారు. నేను వినలేదు. వేరే మిషన్ కోసం ఆగితే గింజ మొలకెత్తుతుందని నా భయం.

మిషన్ రెండు సాళ్లు కోసింది. మూడో సాలు మధ్యలో టైరు జారింది. డ్రైవర్ యాక్సిలేటర్ ఇచ్చేకొద్దీ టైరు తిరిగి తిరిగి గొయ్యి తవ్వుకుంది. చివరికి యాక్సిల్ దాకా దిగబడింది. బయటికి లాగడానికి రెండు ట్రాక్టర్లు, సగం రోజు పట్టాయి. ఆ గుంటల్లో నలిగిపోయిన వరి కాకుండా, ఆ సగం రోజు కూడా పోయింది. రెండు రోజుల తర్వాత చైన్ మిషన్ దొరికింది. అప్పటికే ఒక మూల కంకులు తెల్లగా మొలకెత్తాయి. ఆ ధాన్యాన్ని ఎవరూ సరైన ధరకి తీసుకోలేదు.

తక్కువ హార్స్‌పవర్ ఉన్న ఆ చైన్ మిషన్ అదే బురదలో నింపాదిగా నడుచుకుంటూ పోయింది. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను.

లెక్క చాలా చిన్నది

నేల మీద ఒత్తిడి అంటే మిషన్ బరువుని నేలకి ఆనే వైశాల్యంతో భాగించడమే. ఉదాహరణకి ఇలా అనుకుందాం:

• చైన్ మిషన్ బరువు 3,200 కేజీలు. ఒక్కో ట్రాక్ వెడల్పు 45 సెంటీమీటర్లు, నేలకి ఆనే పొడవు 160 సెంటీమీటర్లు. రెండు ట్రాకులకి కలిపి 14,400 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి సుమారు 0.22 కేజీ.

• 65 కేజీల మనిషి. ఒక పాదం సుమారు 175 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, నడిచేటప్పుడు ఒంటికాలి మీద పడే ఒత్తిడి 0.37 కేజీ.

• టైర్ విషయంలో ఒక సులువైన గుర్తు ఉంది: టైర్‌లో గాలి ఒత్తిడి ఎంతో, నేల మీద కూడా సుమారుగా అంత పడుతుంది. గాలి 28 పీఎస్‌ఐ ఉంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 2 కేజీలు.

అంటే మూడు టన్నుల మిషన్ నేలని మనిషి పాదం కంటే తక్కువ నొక్కుతోంది. టైర్ మిషన్ దానికి తొమ్మిది రెట్లు నొక్కుతోంది. నాన్న మడమతో చేసిన టెస్ట్ ఇదే. నేను చూసిన హార్స్‌పవర్ అంకె తప్పు కాదు, ఆ రోజు మా ప్రశ్నకి అది జవాబు కాదు, అంతే. జారే టైరుకి పవర్ ఎక్కువిస్తే గొయ్యి ఇంకా త్వరగా తవ్వుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. 0.22 అనేది సగటు మాత్రమే. బరువంతా ట్రాక్ పొడవునా సమానంగా పడదు, లోపలి రోలర్ల కింద ఎక్కువ పడుతుంది. ధాన్యం ట్యాంక్ నిండితే మొత్తం బరువూ పెరుగుతుంది. అందుకే బురద చేలో ట్యాంక్ పూర్తిగా నిండకముందే దించేస్తారు.

ట్రాక్‌కి దారి చూపింది కూడా డెల్టానే

ఇది చదివినప్పుడు నాకు భలే అనిపించింది. అమెరికాలో కాలిఫోర్నియాలోని స్టాక్టన్ పక్కన కూడా ఒక నదీ డెల్టా ఉంది. అక్కడి మెత్తటి నేలలో ఆవిరి ట్రాక్టర్లు కూరుకుపోయేవి. బెంజమిన్ హోల్ట్ కంపెనీ చక్రాల వెడల్పు పెంచుకుంటూ పోయింది. ఒక దశలో మిషన్ వెడల్పు 40 అడుగులు దాటిపోయింది. ఆ పద్ధతి నడవదని అర్థమై, చక్రాలు తీసేసి ట్రాకులు పెట్టి 1904 నవంబర్ 24న నడిపి చూశారు. ఆ కంపెనీయే 1925లో ఇంకో కంపెనీతో కలిసి క్యాటర్‌పిల్లర్ అయింది. యుద్ధ ట్యాంకులు 1916లో వచ్చాయి. వాటికంటే ముందే ట్రాక్ మెత్తటి పొలంలో పని చేసింది.

కొన్నాక అసలు కథ: ట్రాక్‌తో కాపురం

ఇంతవరకూ చదివి ట్రాకే గొప్ప అనుకోకండి. ఆ తర్వాత రెండు సీజన్లు చైన్ మిషన్ డ్రైవర్ అన్నతో తిరిగి, ఖర్చు ఎక్కడ పడుతుందో చూశాను.

1. బిగింపు. ట్రాక్ మరీ బిగిస్తే బేరింగులు, రోలర్లు త్వరగా అరుగుతాయి. మరీ వదులైతే మలుపులో జారి ఊడుతుంది. మాన్యువల్‌లో చెప్పినంత వేలాడాలి, ఎక్కువా కాదు, తక్కువా కాదు. అన్న ప్రతి పొద్దున్నా ముందు చూసేది ఇదే.

2. శుభ్రం. ట్రాక్ లోపల ఇరుక్కున్న రేగడి రాత్రికి ఆరితే సిమెంట్ అయిపోతుంది. ఆ సాయంత్రమే నీళ్లు కొట్టి కడగాలి. స్నో బ్లోయర్‌కి కూడా ఇదే బాధ: ట్రాక్‌లో మిగిలిన తడి మంచు రాత్రికి గడ్డకట్టి చక్రాన్ని పట్టేస్తుంది. పని అయ్యాక దులిపి, కాసేపు ముందుకీ వెనక్కీ నడిపి పెట్టాలి.

3. రోడ్డు. చైన్ మిషన్ తారు రోడ్డు మీద తిరిగితే రబ్బరు అరిగిపోతుంది. అందుకే ఊరి నుంచి ఊరికి లారీ మీద వస్తుంది. ఆ ఖర్చు కూడా అద్దెలోనే పడుతుంది.

4. వేగం. చైన్ మిషన్ కోసే వెడల్పు దాదాపు రెండు మీటర్లు. పెద్ద టైర్ మిషన్ అంతకు దాదాపు రెట్టింపు కోస్తుంది. గంట లెక్కన అద్దె కడుతున్నప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

5. మలుపు. ట్రాక్ ఉన్నచోటే గిర్రున తిరిగితే కింద మట్టి చీరుకుపోతుంది. మా వైపు వరి కోతకి రెండు మూడు రోజుల ముందు తడి చేలోనే మినుములు చల్లుతారు. మిషన్ ఎక్కడ తిరిగితే అక్కడ ఆ విత్తనం పోతుంది. అందుకే అన్నని వెడల్పుగా తిప్పమని బతిమాలుకుంటాం.

దాళ్వా కోతలకి, అంటే ఏప్రిల్ ఎండలో నేల గట్టిగా ఉన్నప్పుడు, మేము టైర్ మిషన్‌నే పిలుస్తాం. త్వరగా అయిపోతుంది, ఖర్చు తక్కువ. మిషన్ మారలేదు, నేల మారింది.

అన్నయ్యని అడిగిన నాలుగు ప్రశ్నలు

మంచు వాకిలి దగ్గర లెక్క కొంచెం మారుతుంది. కింద కాంక్రీట్ ఉంటే మిషన్ దిగబడదు, అక్కడ సమస్య పట్టు. అందుకే నేను అన్నయ్యని ఇవి అడిగాను.

• వాకిలి ఏటవాలుగా ఉందా? వాలు ఎక్కువైతే టైరు జారుతుంది, పొడుగ్గా ఆనే ట్రాక్ పట్టుకుంటుంది.

• కింద కంకరా, కాంక్రీటా? కంకర మీద ముందు భాగం ఎత్తు సెట్ చేసుకోవాలి. ఈ సర్దుబాటు ట్రాక్ మోడల్స్‌లో సాధారణంగా సులువు. ఏరియన్స్ ర్యాపిడ్‌ట్రాక్ లాంటి వాటిలో దీనికి వేరే మోడ్‌లే ఉన్నాయి.

• మునిసిపాలిటీ బండి రోడ్డు ఊడ్చినప్పుడు మీ గేటు ముందు గట్టి మంచు కుప్ప ఎంత పడుతుంది? టైర్ల మిషన్ దాన్ని తవ్వకుండా పైకెక్కేస్తుంది. ట్రాక్ మిషన్ ముక్కు కిందకే ఉంటుంది.

• మిషన్‌ని తోసేది ఎవరు? ట్రాక్‌ది బరువెక్కువ, తిప్పడం కష్టం. స్టీరింగ్ సాయం లేని మోడల్ అయితే ఒళ్లు నొప్పులు ఖాయం. ఇంజిన్ ఆపి గ్యారేజీలో జరపడం ఇంకా కష్టం.

అన్నయ్యది చదునైన కాంక్రీట్ వాకిలి, రెండు కార్లు పట్టేంత. కుప్ప మాత్రం పడుతుంది. "టైర్లదే తీసుకో అన్నయ్యా. టూ స్టేజ్‌ది చూడు. జారితే టైర్లకి చైన్లు కట్టుకో, ఖర్చు తక్కువ" అని చెప్పాను. ట్రాక్ గురించి ఇంత చెప్పి చివరికి టైర్లు అన్నానని నవ్వాడు.

చలికాలం అయ్యాక అడిగితే, "వాకిలి వరకూ సూపర్. గేటు ముందు కుప్పే ఏడిపించింది. సగం సగం వెడల్పున, నెమ్మదిగా రెండు మూడుసార్లు కొట్టాల్సొచ్చింది" అన్నాడు. ఏటవాలు వాకిలి ఉన్న అతని ఫ్రెండ్‌కి మాత్రం ట్రాక్‌దే కరెక్ట్ అని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఒక్క మాట, దయచేసి మర్చిపోవద్దు

కోత మిషన్‌లో గడ్డి ఇరుక్కుంటే మా డ్రైవర్ అన్న ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, అప్పుడే దిగుతాడు. స్నో బ్లోయర్‌లో ఇది ఇంకా ముఖ్యం. తడి మంచు ఇరుక్కుంటే ఇంజిన్ ఆపినా లోపల బిగువు మిగిలి ఉండొచ్చు. మంచు తీసిన క్షణంలో ఫ్యాన్ ఒక్కసారి తిరుగుతుంది. ఇలా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇంజిన్ ఆపాక కూడా చెయ్యి పెట్టొద్దు, దాంతో ఇచ్చే పుల్లతోనే తీయాలి. ఆగర్‌కి ఉండే షియర్ పిన్ విరిగితే దాని బదులు మామూలు గట్టి బోల్టు వేయొద్దు. రాయి తగిలినప్పుడు విరిగి గేర్‌బాక్స్‌ని కాపాడటమే ఆ పిన్ పని.

వెర్డిక్ట్

మెత్తటి నేల, వాలు, కంకర, గట్టి కుప్పలు ఉంటే ట్రాక్. చదును, గట్టి నేల, తక్కువ బడ్జెట్ అయితే టైర్లు. స్పెక్ షీట్‌లో హార్స్‌పవర్ దగ్గర ఆగిపోకుండా బరువు, ట్రాక్ వెడల్పు, నేలకి ఆనే పొడవు చూడండి. భాగహారం మీరే చేసుకోవచ్చు. అంతకంటే ముందు ఒకసారి బయటికెళ్లి నేల మీద మడమ నొక్కి చూడండి. ఆ రోజు నేను ఫోన్ పక్కన పెట్టి నాన్న మాట విని ఉంటే, ఆ మూల వరి మొలకెత్తేది కాదేమో.